పిడుదుల నుంచి రక్షణ: కర్నూలు, కడప మెట్ట ప్రాంతాలు

పిడుదులు పశువులు, గొర్రెలు, కుక్కలు, కోళ్లు, అడవి జంతువుల రక్తం తాగి బతికే పరాన్న జీవులు. అవకాశం దొరికితే మనుషులనూ పట్టుకుంటాయి. వీటినే గోమార్లు అని కూడా అంటారు. ఇవి కీటకాలు కావు. సాలెపురుగులు, తేళ్ల తరగతికి చెందినవి. ప్రపంచంలో సుమారు 900 జాతుల పిడుదులు ఉండగా, భారతదేశంలో వందకు పైగా జాతులను గుర్తించారు. రక్తం తాగడం వల్ల కలిగే నష్టం కన్నా, ఒక జంతువు నుంచి మరొక దానికి, జంతువుల నుంచి మనుషులకు జబ్బులు మోయడం వల్ల కలిగే నష్టమే పెద్దది.

2022 ఏప్రిల్ పునర్విభజనకు ముందున్న కర్నూలు, కడప జిల్లాల్లో కొండ, మంద, ఇల్లు ఒకదాన్నొకటి ఆనుకొని ఉంటాయి. నల్లమల, ఎర్రమల, పాలకొండలు, లంకమల వంటి కొండల అంచున ఊళ్లున్నాయి. పొద్దున కొండకు తోలిన మేకలు సాయంత్రం ఇంటికి వస్తాయి. మంద వెంట కుక్క వస్తుంది. వాటితోపాటు పిడుదులూ వస్తాయి. అందుకే ఇక్కడ కుటుంబ రక్షణ అడవిదారిలో వేసుకునే బట్టలతోనే పూర్తికాదు. పశువుల కొట్టం శుభ్రత, బయట తిరిగేటప్పుడు తీసుకునే జాగ్రత్త, ఇంటికి వచ్చాక ఒంటి తనిఖీ, జ్వరం వస్తే సకాలంలో చికిత్స అనే నాలుగూ కలిస్తేనే అది నిలుస్తుంది.

జీవిత చక్రం

పిడుదు జీవితంలో గుడ్డు, పిల్ల పురుగు, మధ్య దశ, పెద్ద పురుగు అనే నాలుగు దశలు ఉంటాయి. గుడ్డు నుంచి వచ్చిన పిల్లకు ఆరు కాళ్లు, తర్వాతి దశల్లో ఎనిమిది కాళ్లు ఉంటాయి. పిల్ల పురుగు ఆవగింజకన్నా చిన్నది కాబట్టి ఒంటిమీద పాకుతున్నా కనిపించడం కష్టం. కడుపునిండా రక్తం తాగిన ఆడ పిడుదు బూడిద రంగులో ఉబ్బి, జంతువు మీది నుంచి రాలి, నేలమీద వేల గుడ్లు పెట్టి చనిపోతుంది. పశువులను పట్టే జాతుల్లో ఒక్క ఆడది రెండు మూడు వేల గుడ్లు పెట్టడం మామూలే. ఒక్క పిడుదును తొలగించడం అంటే ఆ తర్వాతి తరాన్ని అడ్డుకోవడం కూడా.

పిడుదులు ఎగరలేవు, దూకలేవు, చెట్ల మీది నుంచి తలమీద రాలిపడవు. గడ్డిపోచ చివరకో పొద కొమ్మ అంచుకో ఎక్కి, ముందు కాళ్లు చాచి వేచి ఉంటాయి. ఆ కాళ్ల మీద ఉండే జ్ఞానేంద్రియం జంతువు ఒంటి వేడిని, శ్వాసలోని కార్బన్ డయాక్సైడును పసిగడుతుంది. కాలో బట్టో తగలగానే పట్టుకొని, పైకి పాకి, చర్మం పల్చగా ఉండే చోటు వెతుక్కుంటాయి. తలలోనో చెవి వెనకనో కనిపించిన పిడుదు చాలాసార్లు కాళ్ల దగ్గర ఎక్కినదే. కాబట్టి రక్షణ పాదాల నుంచి మొదలుకావాలి.

నేల, వాన, కాలం

ఈ ప్రాంతంలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 600 నుంచి 700 మిల్లీమీటర్లు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాలు, ఆ తర్వాత ఈశాన్య రుతుపవనాలు వానలిస్తాయి. కడప వైపు ఈ రెండో కాలం వానలకు ప్రాధాన్యం ఎక్కువ. తేమ దొరికితే పిడుదు గుడ్లు బాగా పొదుగుతాయి. తొలకరి తర్వాత గడ్డి మొలిచి, కంపచెట్ల కింద నేల చెమ్మగా మారినప్పుడు పశువుల మీద పిడుదులు పెరుగుతాయి. వానాకాలమంతా, దాని తర్వాత కొన్ని వారాలూ ఇవి ఎక్కువగా ఉంటాయి.

ఎండాకాలంలో ముప్పు పూర్తిగా పోదు. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే వేసవిలో బయటి నేల మీది పిల్ల పురుగులు ఎండిపోతాయి. కానీ గోడ పగుళ్లలో, రాతి సందుల్లో, కొట్టంలోని పేడ కుప్ప పక్కన, చెట్టు నీడన పేరుకున్న ఆకుల కింద పిడుదులు మిగిలే ఉంటాయి. మట్టితో పేర్చిన నాపరాయి గోడలు, బండల కట్టడాల సందులు వాటికి మంచి దాపు.

ఈ ప్రాంతంలో కనిపించే రకాలు

పశువుల్లో ముఖ్యమైనది రైపిసెఫాలస్ మైక్రోప్లస్. ఇది పిల్ల దశ నుంచి పెద్దయ్యేవరకు ఒకే పశువు మీద సుమారు మూడు వారాలు గడుపుతుంది. హయలోమ్మా జాతి పిడుదులు పొడి వాతావరణానికి అలవాటుపడినవి. వీటి కాళ్లపై తెలుపు, గోధుమ రంగు పట్టీలు కనిపిస్తాయి. రక్తం తాగాక నేలమీదికి దిగి కొట్టం గోడల పగుళ్లలో దాక్కొని తర్వాతి దశకు మారతాయి. గడ్డిమీద వేచి ఉండటమే కాక, కొన్ని హయలోమ్మాలు నేలమీద పరుగెత్తి వచ్చి పట్టుకుంటాయి కూడా. పొదల అడవుల్లో, మేకలు గొర్రెల మీద హీమాఫైసాలిస్ జాతులు ఉంటాయి. కుక్కల మీది గోధుమ రంగు పిడుదు రైపిసెఫాలస్ సాంగ్వినియస్. ఇది ఇంటిలోపల, గోడల మీద, మంచం కోళ్ల దగ్గర కూడా బతికి గుడ్లు పెట్టగలదు. అడవి వైపు ఎన్నడూ వెళ్లని ఇంట్లో చిన్నపిల్లలకు పిడుదు పట్టిందంటే ముందు కుక్కను చూడాలి.

నాటుకోళ్ల గూళ్లలో మెత్తని ఒంటి పిడుదు ఆర్గస్ ఉంటుంది. పగలంతా చెక్కల సందుల్లో దాక్కొని, రాత్రి బయటికొచ్చి కోళ్ల రక్తం తాగి మళ్లీ సందుల్లోకి పోతుంది. తిండి లేకుండా నెలల తరబడి బతకగలదు కాబట్టి, కొన్నాళ్లు ఖాళీగా ఉంచినంత మాత్రాన గూడు శుభ్రమైపోదు.

మనుషులకు వచ్చే జబ్బులు

పిడుదు కాటు చాలావరకు దురద, చిన్న వాపుతో పోతుంది. పిడుదు పట్టిన ప్రతిసారీ జబ్బు వస్తుందన్న భయం అక్కర్లేదు. అయితే కొన్ని జబ్బులను ముందుగా పోల్చుకోలేకపోతే ప్రాణాపాయం కలుగుతుంది.

మొదటిది ఇండియన్ టిక్ టైఫస్. రికెట్సియా కొనోరై అనే బాక్టీరియా దీనికి కారణం. పిడుదు పట్టిన తర్వాత రెండు వారాల లోపు తీవ్రమైన జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు వస్తాయి. కొన్ని రోజులకు ఎర్రటి దద్దుర్లు లేస్తాయి. ఆ దద్దుర్లు అరచేతులు, అరికాళ్ల మీద కూడా రావడం ముఖ్యమైన గుర్తు.

రెండోది స్క్రబ్ టైఫస్. ఇది పిడుదుల వల్ల కాక, వాటి దగ్గరి బంధువైన చిగ్గర్ అనే అతి చిన్న పురుగు పిల్లదశలో కరిస్తే వస్తుంది. ఓరియెన్షియా సుత్సుగముషి అనే బాక్టీరియా దీనికి కారణం. పొదలు, గడ్డి, ఎలుకలు తిరిగే గట్లు, వాముల పరిసరాలు ఈ పురుగులకు ఆవాసం. పిడుదుల నుంచి కాపాడే జాగ్రత్తలే దీనికీ పనికొస్తాయి కాబట్టి రెండింటినీ కలిపి చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ జబ్బు విస్తృతిని హైదరాబాద్ నిమ్స్, తిరుపతి స్విమ్స్ వైద్యులు తమ పరిశోధన వ్యాసాల్లో నమోదు చేశారు. వానల తర్వాతి నెలల్లో, చలికాలం మొదట్లో కేసులు పెరుగుతాయి. పురుగు కుట్టిన చోట బీడీతో కాల్చినట్టు నల్లటి పక్కు కట్టిన చిన్న పుండు చాలామందిలో కనిపిస్తుంది. నొప్పి ఉండదు, చంకలో, గజ్జల్లో, నడుము దగ్గర, రొమ్ముల కింద దాగి ఉంటుంది కాబట్టి వెతికితే తప్ప కంటపడదు.

క్రిమియన్ కాంగో రక్తస్రావ జ్వరం వైరస్ వల్ల వస్తుంది. భారతదేశంలో దీన్ని మొదట 2011 జనవరిలో గుజరాత్‌లో నిర్ధారించారు. హయలోమ్మా పిడుదుల ద్వారా, జబ్బు సోకిన పశువు రక్తం తాకడం ద్వారా, రోగి రక్తం, శరీర ద్రవాల ద్వారా అంటుతుంది. పశువుల మీది పిడుదులను ఉత్తి వేళ్లతో చిదపకూడదన్న నియమానికి ఇది గట్టి కారణం.

క్యాసనూరు అటవీ వ్యాధిని 1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో గుర్తించారు. కోతులు చనిపోతుండటం దాని తొలి సూచన కావడంతో దానికి కోతుల జ్వరం అనే పేరు వచ్చింది. హీమాఫైసాలిస్ పిడుదులు ఈ వైరస్‌ను మోస్తాయి. ఈ వ్యాధి ప్రధానంగా పశ్చిమ కనుమలకు చెందింది. కర్నూలు, కడపల నుంచి కర్ణాటకలోని మలెనాడు వైపు పనికో యాత్రకో వెళ్లేవారు, తిరిగొచ్చాక జ్వరం వస్తే ఆ సంగతి వైద్యులకు చెప్పాలి. ఉత్తర అమెరికా, యూరప్‌లలో ఎక్కువగా వినిపించే లైమ్ వ్యాధి ఈ ప్రాంతపు ప్రధాన సమస్య కాదు.

ముప్పు ఎవరికి, ఎక్కడ

మందతో తిరిగే గొర్రెల కాపరులు, మేకల కాపరులు అందరికన్నా ఎక్కువగా పిడుదుల బారిన పడతారు. రాత్రి రొప్పం (గొర్రెల దొడ్డి) పక్కనే కంబళి పరుచుకొని పడుకోవడం, గొర్రెలను చేతుల్లోకి ఎత్తుకోవడం వారి రోజువారీ పని. నల్లమలలో తేనె, బంక, తునికాకు సేకరించే చెంచులు, సీతాఫలాల కోసం పొదల్లోకి వెళ్లేవారు, కట్టెలు కొట్టేవారు, అటవీ సిబ్బంది తర్వాతి వరుసలో ఉంటారు. వేరుశనగ, జొన్న కోతల్లో గట్ల మీద కూర్చొనేవారు, పశువులకు గడ్డి కోసేవారు, బహిర్భూమికి పొదల చాటుకు వెళ్లేవారు కూడా జాగ్రత్త పడాలి.

యాత్రికుల సంగతి ప్రత్యేకం. మహాశివరాత్రికి, ఉగాదికి వేలాదిమంది భక్తులు ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా నల్లమలలో నడిచి శ్రీశైలం చేరతారు. కర్ణాటక భక్తులు ఉగాది ముందు పెద్ద సంఖ్యలో ఈ దారిన వస్తారు. అహోబిలంలో నవ నారసింహ క్షేత్రాల మధ్య కొండదారులు, గండికోటలో పెన్నా లోయ అంచున గుడారాల్లో బస, కార్తీకమాసపు వనభోజనాలు కూడా కుటుంబాలను పొదల మధ్యకు తీసుకెళ్తాయి. కార్తీకం చిగ్గర్లు విజృంభించే కాలంలోనే వస్తుంది.

బయట తిరిగేటప్పుడు

కాలిబాట మధ్యలో నడవడం, పక్క పొదలకు ఒరుసుకోకపోవడం మొదటి రక్షణ. జంతువులు నడిచే సన్నని దారుల అంచుల్లోనే పిడుదులు ఎక్కువగా కాచుకొని ఉంటాయి. కూర్చొనేందుకు గడ్డి, ఆకుల కుప్ప, పశువులు పడుకునే చెట్టునీడ కాక, ఎండ తగిలే శుభ్రమైన బండను ఎంచుకోవాలి. వనభోజనాలకు ముందురోజే గడ్డి కోసి, రాలిన ఆకులు ఊడ్చిన చోటు మంచిది. కింద దళసరి టార్పాలిన్ పరిచి, చాపలు దానిమీద వేసుకోవాలి. పిల్లలను ఆకుల కుప్పల్లో, వాముల మీద ఆడనివ్వకూడదు.

లేత రంగు బట్టల మీద పాకే పిడుదు వెంటనే కనిపిస్తుంది. నిండు చేతుల చొక్కా, పొడవు ప్యాంటు, మూసిన బూట్లు వేసుకొని, ప్యాంటు అంచులను మేజోళ్లలోకి దోపుకోవాలి. చీర, లంగా, పంచె కట్టుకొనేవారు లోపల బిగుతైన పైజామా లేదా లెగ్గింగ్స్ వేసుకొని అంచులు మేజోళ్లలోకి దోపితే అంతే రక్షణ దొరుకుతుంది. చెప్పుల్లేకుండా నడిచే మొక్కు ఉన్నవారు పాదాల నుంచి మోకాళ్ల వరకు వికర్షక లేపనం రాసుకొని, ప్రతి మజిలీలో కాళ్లు చూసుకోవాలి.

చర్మం మీద రాసుకొనే వికర్షకాల్లో 20 నుంచి 30 శాతం డీట్ ఉన్నవి, ఐకారిడిన్ ఉన్నవి పిడుదులను కొన్ని గంటలు దూరంగా ఉంచుతాయి. చెమట పట్టినా నీళ్లలో తడిసినా సీసామీది సూచన ప్రకారం మళ్లీ రాసుకోవాలి. రెండు నెలల లోపు పసికందులకు ఏ వికర్షకమూ రాయకుండా పూర్తిగా బట్టలతోనే కాపాడాలి. పిల్లలకు పెద్దవాళ్లే తమ చేతిలో వేసుకొని రాయాలి; కళ్లు, నోరు, పుండ్లు, పిల్లల అరచేతులకు తగలనివ్వకూడదు. పెర్మెత్రిన్ అనే మందును బట్టలకు, బూట్లకు, గుడారాలకు పట్టించి పూర్తిగా ఆరబెట్టి వాడతారు. దాన్ని చర్మానికి రాయకూడదు. తడిగా ఉన్నప్పుడు పిల్లుల దగ్గర ఉంచకూడదు, వాటికది విషం. పొలానికి కొట్టే పురుగుమందులను ఒంటికి గాని బట్టలకు గాని ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు.

కాపరులకు కంబళి అవసరమే, కానీ దాని నేతలో పిడుదులు దాగుతాయి. రోజూ దులిపి బండమీద ఎండలో ఆరబెట్టాలి. రాత్రి పడకను రొప్పానికి కొంచెం దూరంగా, వీలైతే మంచంమీద ఏర్పాటు చేసుకోవాలి.

ఒంటి తనిఖీ

పిడుదు చర్మంలోకి మూతిని దింపిన వెంటనే కాక, కొన్ని గంటలు అంటుకొని ఉన్నాకే చాలా బాక్టీరియా జబ్బులు సోకుతాయి. అందువల్ల అదే రోజు వెతికి తీసేయడం అన్నిటికన్నా చవకైన, గట్టి రక్షణ. ఇంటికి వచ్చిన రెండు గంటల్లోపు సబ్బుతో రుద్ది స్నానం చేస్తే ఇంకా అంటుకోని పురుగులు కొట్టుకుపోతాయి. చిగ్గర్లకు కూడా ఇదే మంచి విరుగుడు. వేసుకున్న బట్టలను మంచంమీద పడేయకుండా వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరవేయాలి.

తల వెంట్రుకలు, చెవుల లోపల, వెనక, మెడ, చంకలు, బొడ్డు, నడుము చుట్టూ, గజ్జలు, మోకాళ్ల వెనక, కాలివేళ్ల సందులు వరుసగా చూడాలి. మొలతాడు కింద, జడ మొదట్లో, బిగుతు బట్టల అంచుల వెంట తప్పక వెతకాలి. వీపు ఎవరికి వారు చూసుకోలేరు కాబట్టి ఒకరినొకరు చూసుకోవాలి. పిల్లలకు నలుగు పెట్టేటప్పుడు, తల దువ్వేటప్పుడు ఈ తనిఖీ సులువుగా జరిగిపోతుంది.

పట్టిన పిడుదును తీసే పద్ధతి

సన్నని మొనలున్న చిన్న పట్టకారుతో పిడుదు తలను చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టుకొని, మెలితిప్పకుండా, కుదుపు లేకుండా నిలువుగా లాగాలి. పొట్టను నొక్కకూడదు, నొక్కితే లోపలి ద్రవాలు గాయంలోకి పోవచ్చు. పట్టకారు లేకపోతే చేతికి తొడుగు లేదా ప్లాస్టిక్ సంచి చుట్టుకొని అదే పద్ధతిలో తీయాలి. తర్వాత గాయాన్ని, చేతులను సబ్బునీళ్లతో కడిగి స్పిరిట్ లేదా అయోడిన్ పూయాలి. మూతి ముక్క చర్మంలో మిగిలి తేలిగ్గా రాకపోతే సూదితో కెలకకుండా వదిలేయాలి; చర్మమే దాన్ని బయటికి నెట్టేస్తుంది.

కిరోసిన్ పోయడం, సున్నం పెట్టడం, బీడీతోనో అగ్గిపుల్లతోనో కాల్చడం, గోళ్లరంగు పూయడం తప్పు. వీటివల్ల పిడుదు మరింత ఉమ్మిని గాయంలోకి వదిలే ప్రమాదం ఉంది. చర్మం కూడా కాలుతుంది. తీసిన పిడుదును గోటితో చిదపకుండా స్పిరిట్‌లోనో సబ్బునీళ్లలోనో ముంచి చంపాలి. పట్టిన తేదీ, ఒంటిమీది చోటు, తిరిగిన ప్రదేశం రాసి పెట్టుకుంటే తర్వాత వైద్యులకు ఉపయోగపడుతుంది.

కొట్టం, కుక్క, ఇల్లు

పశువుల్లో పిడుదుల వల్ల థైలీరియోసిస్, బెబీసియోసిస్, అనాప్లాస్మోసిస్ వస్తాయి. థైలీరియోసిస్‌లో తీవ్ర జ్వరం, గ్రంథుల వాపు, రక్తహీనత; బెబీసియోసిస్‌లో ఎర్రగా, కాఫీ రంగులో మూత్రం ముఖ్య లక్షణాలు. సంకరజాతి ఆవులు వీటికి త్వరగా లొంగిపోతాయి. నాటు పశువులకు తట్టుకునే శక్తి ఎక్కువ. థైలీరియోసిస్‌కు హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ తయారుచేసిన రక్షావాక్-టి టీకా ఉంది.

పిడుదుల మందుల్లో డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, ఫ్లుమెత్రిన్, అమిట్రాజ్ పైన పూసేవి లేదా పిచికారీ చేసేవి. ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షనుగా ఇస్తారు. మోతాదు పశువైద్యులే నిర్ణయించాలి. ఒకే మందును ఏళ్ల తరబడి, తక్కువ మోతాదులో వాడితే పిడుదులు దానికి తట్టుకునే శక్తి పెంచుకుంటాయి. దేశంలో చాలాచోట్ల ఇది కనిపించింది. మందు కొట్టే ముందు పశువుకు కడుపునిండా నీళ్లు తాపాలి. మిట్ట మధ్యాహ్నం కొట్టకూడదు. చెవుల లోపల, గంగడోలు, తొడల సందు, తోక కింద మరవకూడదు. మందు కొట్టే మనిషి చేతి తొడుగులు వేసుకొని, ముఖానికి గుడ్డ కట్టుకోవాలి. కొట్టిన వెంటనే పశువును చెరువులోకి దింపితే చేపలు చస్తాయి, మందూ కొట్టుకుపోతుంది. ఐవర్‌మెక్టిన్ ఇచ్చిన పశువు పాలను వైద్యులు చెప్పిన గడువు వరకు వాడకూడదు.

పశువు మీది పిడుదులు మొత్తంలో కొంత భాగమే. మిగిలినవి నేలలో, గోడల్లో ఉంటాయి. అందుకే కొట్టం గోడల పగుళ్లు పూడ్చి సున్నం వేయాలి. పేడ, మిగిలిన మేత రోజూ ఎత్తివేయాలి. గోడలకూ నేలకూ మందు కొట్టి, కొత్తగా పొదిగిన పిల్లలు కూడా చచ్చేలా రెండు మూడు వారాలకు మళ్లీ కొట్టాలి. గొర్రెల రొప్పాన్ని అప్పుడప్పుడు కొత్త చోటుకు మార్చడం మంచి ఆచారం. పెరటి కోళ్లు, గోరువంకలు, పశువుల వెంట తిరిగే కొంగలు పిడుదులను ఏరుకు తింటాయి. అయితే అవి సాయం మాత్రమే, మందుకు బదులు కావు. సీతాఫలం గింజల పొడి లాంటి ఇంటి మందులు కళ్లలో పడితే తీవ్రమైన మంట, గాయం కలుగుతాయి.

కుక్కకు పశువైద్యుల సలహాతో నెలకోసారి పూసే ఫిప్రోనిల్ గాని, మూడు నెలలపాటు పనిచేసే ఫ్లురలానర్ మాత్రలు గాని వాడవచ్చు. కుక్క పడుకునే గోనెసంచిని తరచూ ఉతకాలి. మందతో తిరిగే కుక్కను మంచంమీద పిల్లల పక్కన పడుకోనివ్వకూడదు. వాములు, కట్టెల మోపులు ఇంటి గోడకు ఆనించకుండా దూరంగా పెడితే ఎలుకలు, వాటితోపాటు చిగ్గర్లు తగ్గుతాయి.

పశువులకు ఇంటి దగ్గరే వైద్యం కావాలంటే 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలో ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది.

జ్వరం వస్తే

పిడుదు పట్టాక గాని, పొదల్లో తిరిగాక గాని మూడు వారాల లోపు జ్వరం వస్తే ఆ విషయం వైద్యులకు ముందుగానే చెప్పాలి. ఈ జ్వరాలు మొదట్లో డెంగీ, మలేరియా, టైఫాయిడ్‌లాగే ఉంటాయి. రోగి చెప్పకపోతే కాటు సంగతి తెలిసే దారి లేదు. నల్లటి పక్కు, దద్దుర్లు, గ్రంథుల వాపు చూపించాలి. వైల్ ఫెలిక్స్ పరీక్ష పాతది, అంత కచ్చితమైనది కాదు. ఐజీఎం ఎలీసా దానికన్నా నమ్మదగినది. అనుమానం బలంగా ఉంటే వైద్యులు ఫలితం కోసం ఆగకుండా చికిత్స మొదలుపెడతారు.

ఇండియన్ టిక్ టైఫస్, స్క్రబ్ టైఫస్ రెండింటికీ డాక్సీసైక్లిన్ ప్రధాన మందు. ఇది చవకగా, విరివిగా దొరుకుతుంది. అవసరమైతే పిల్లలకు కూడా కొద్దిరోజులు ఇస్తారు. గర్భిణులకు ఎక్కువగా అజిత్రోమైసిన్ వాడతారు. సకాలంలో మొదలుపెడితే చాలామందిలో రెండు రోజుల్లోనే జ్వరం దిగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, కాలేయం, మెదడు దెబ్బతినవచ్చు. ఆయాసం, మత్తు, మూత్రం తగ్గడం, ఫిట్స్, ఎక్కడినుంచైనా రక్తం కారడం కనిపిస్తే వెంటనే 108 వాహనంలో పెద్దాసుపత్రికి తరలించాలి. పిడుదు పట్టింది, జ్వరం మాత్రం లేదంటే యాంటీబయాటిక్ సొంతంగా మింగాల్సిన అవసరం లేదు. మూడు వారాలు ఒళ్లు వేడిని గమనించుకుంటే సరిపోతుంది.